చదివాక నొక్కు

పడుకో. రోజు పన్నెండు. ఆటలో కోడి కూస్తుంది, పాప లేచి మంచం పక్కన నిలబడుతుంది, మళ్ళీ మంచం వైపు తిప్పాలి, 'ఈ రోజుకి చాలా, పడుకుంటావా?' అని తెర అడుగుతుంది, అవును అని నొక్కాలి, చీకటి, మళ్ళీ కోడి. రోజు పదమూడు. ఒక్కో రోజుకీ ఆరు సెకన్లు పడుతోంది, ఫోన్లో టైము పెట్టి మరీ చూశాను. ఆరువందల పదకొండు రోజులు దాటించాలంటే గంటా ఒక నిమిషం. గోడ గడియారంలో మూడూ పది. నా భార్య నాలుగింటికి వస్తానంది, తను నాలుగంటే నాలుగే, నిమిషం అటూ ఇటూ కాదు. అంటే పదకొండు నిమిషాలు తక్కువ పడుతున్నాయి. లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళినచోట జనం చుట్టూ మూగి ఇంకెంతసేపయ్యా అని అడుగుతుంటారు, పది నిమిషాలండీ అంటాను నేను, పదిహేనేళ్ళ నుంచీ అదే మాట, ఇప్పటిదాకా ఏ లిఫ్టూ పది నిమిషాల్లో బాగైన పాపాన పోలేదు. ఆ అబద్ధాలన్నీ ఇవాళ వడ్డీతో సహా నా నెత్తిన పడ్డాయి. పడుకో. పద్నాలుగు.

చెరిపింది నేనే, ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు. నలభై రోజుల క్రితం తను రెండు సంచులు సర్దుకుని వాళ్ళ అక్క దగ్గరికి, అంటే మా వదిన ఇంటికి వెళ్ళిపోయింది. పోట్లాట కూడా లేదు, పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ఈ నలభై రోజుల్లో మొదటిసారి ఇవాళ పొద్దున ఫోన్ చేసింది. "సాయంత్రం నాలుగింటికి వస్తాను. బట్టలూ గిన్నెలూ ఏం వద్దు. ఆ ఆటల పెట్టె ఒక్కటి ఇస్తావా?" అంది. "దాన్ని నువ్వేం చేసుకుంటావు?" అన్నాను, అనకుండా ఉండాల్సింది. "ఇస్తావా, ఇవ్వవా?" "తీసుకెళ్ళు." అంతే, పెట్టేసింది. ఇక నాకు ఎక్కడలేని మంచితనం పుట్టుకొచ్చింది. పెట్టెని తడిగుడ్డతో తుడిచాను, వైరు పెట్టే కంతల్లో దుమ్ము దూదిపుల్లతో తీశాను, నా చెమట పట్టి నల్లబడిన బొత్తాలు ఒక్కొక్కటీ రుద్దాను. బయట తుడిచినవాణ్ణి లోపల తుడవకుండా ఉంటానా, ఇంకొకరికి ఇచ్చే గిన్నె కడిగి ఇవ్వాలి కదా అనుకుని నా ఆటలన్నీ ఒక్కొక్కటే చెరుపుతూ వచ్చాను. కారు పందేలు పోయాయి. యుద్ధం పోయింది. చివరికి ఈ పొలం ఆట. దీంట్లో ఆడినంతా దాచుకోవడానికి మూడు స్లాట్లు. ఒకటో దాంట్లో నేను నాలుగు రోజులాడి విసుగొచ్చి వదిలేసిన పొలం, రెండో దాంట్లో పెళ్ళైన కొత్తలో తను ఆడింది, మూడోది ఖాళీ. ఖాళీ అనే నాకు తెలుసు. 'నిజంగా చెరపాలా?' అవును. 'మళ్ళీ అడుగుతున్నాం, నిజంగా?' అవును. నా బొటనవేలికి ఒక తాళం పడిపోయింది, అవును అవును, అవును అవును, అవును అవును. ఆఖరి అవునుకీ చీకటికీ మధ్య, కన్ను మూసి తెరిచేంతలో, ఒక పేరు కనిపించింది. పేరు కింద రోజు 611 అని ఉంది.

ఆ పేరు మా ఇద్దరికీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఏడో నెలలో పెట్టుకున్నాం, పుట్టాక చెబుదాంలే అని మా వదినకి కూడా చెప్పలేదు. పుట్టిందీ, పోయిందీ ఒకేరోజు కాదు, పోయాక పుట్టింది. ఆ తర్వాత ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు, అది ఒకటి ఉందనే సంగతి కూడా ఎవరం ఎత్తలేదు. ఇవాళ అది చూశాక నేలమీద చతికిలపడి ఫోన్లో క్యాలెండర్ తీసి లెక్కపెట్టాను. తను వెళ్ళిపోయిన రోజునుంచి ఆరువందల పదకొండు రోజులు వెనక్కి. డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చిన తేదీ వచ్చింది. కాన్పు కావాల్సిన తేదీ. మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ అదే. ఆ తేదీన మొదలుపెట్టి ఒక్కరోజు కూడా తప్పకుండా, రోజుకి ఒక్కరోజే ఆడింది. మన రోజుకి దాని రోజు. నేను డ్యూటీకి వెళ్ళాక పెట్టె తెరిచి, పాపని లేపి, ఏమేం చేయించేదో చేయించి, పడుకోబెట్టి, పెట్టె మూసి, నేనొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు వంటింట్లో ఉండేది.

పడుకో. నలభై. అందుకని మళ్ళీ పెంచుతున్నాను. అదే స్లాటు, అదే పేరు, ఒక్కో అక్షరం వెతికి పెట్టాను. పొలం ఎలా ఉందో, కంచె ఏ రంగో, నాకేం తెలుసు, అంకె ఒక్కటైనా సరిపోతే చూడగానే తన గుండె ఆగిపోకుండా ఉంటుందని. మోసమే. ఆటల్లో మోసం చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా డిపోలో ఒక హెల్పరు ఉండేవాడు, ఎవడో చెప్పిన దొంగ కిటుకు వాడి చావు లేని మనిషై తిరిగేవాడు, అలా ఆడితే ఆటెందుకురా, సినిమా చూడు పోయి అని వాణ్ణి నలుగురిలో కడిగేశాను. ఇప్పుడు వాడొచ్చి నా పక్కన కూర్చుంటే తలెత్తలేను.

అసలు నాకు ఈ పొలం ఆటంటేనే పడదు. ఇది ఆటా, ఉద్యోగం అనేవాణ్ణి. పొద్దున్నే లేవడం, నీళ్ళు పొయ్యడం, ఎరువు మొయ్యడం, పొరుగువాళ్ళతో కబుర్లు, ఇవన్నీ తప్పించుకోవడానికే కదా మనిషి ఆటాడేది. పైగా ఎక్కడ చూసినా మాటలే. మొదటిరోజు తలుపు తీసి బయటికి వస్తే చాలు, చేపల తాత ఒకడు వాకిట్లోనే కాచుకుని ఉండి పట్టుకుంటాడు, బావురుమనే ముఖం, గడ్డి టోపీ, ఒక పట్టాన వదలడు. నేను చదవకుండా టకటకా నొక్కేసేవాణ్ణి. తను ఊరుకునేది కాదు. తన పని అలాంటిది. మందుల డబ్బాల్లో మడతపెట్టి పెడతారే, చీమతలకాయంత అక్షరాల కాగితం, అది అచ్చయ్యే ప్రెస్సులో తను ప్రూఫ్ రీడరు. ఒకరు పైకి చదవాలి, ఒకరు చూడాలి. సున్నా ఒకటి జారిపోతే ప్రాణం పోతుంది, పేరైతే రెండుసార్లు చదవాలి, అది వాళ్ళ ప్రెస్సులో నియమం. అలాంటి మనిషి పక్కన కూర్చుని నేను నొక్కేస్తుంటే కడుపు మండదూ? "మహానుభావా, చదివాక నొక్కు" అని చెయ్యి పట్టుకుని ఆపేది. అదే మా ఇంట్లో రాజ్యాంగం అయిపోయింది. తను చదవాలి, నేను నొక్కాలి. తాతకి ఒక గొంతు, కొట్టు ఆవిడకి ముక్కుతో ఒక గొంతు, ఆవుకి కూడా ఒక గొంతు పెట్టేది. నేను పైకి విసుక్కుంటూ లోపల ఆ గొంతుల కోసమే కూర్చునేవాణ్ణి, ఆ సంగతి తనతో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది.

పడుకో. తొంభై ఆరు. తొంభై ఏడు. ఈపాటికి బోర్లాపడేది. కిటికీలోంచి గడ్డి టోపీ అంచు కనిపిస్తోంది, తాత ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆట కట్టినవాళ్ళు వాణ్ణి అలా రాసిపెట్టారు, పాప మొదటిసారి గడప దాటేదాకా వాడు కదలడు. గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. వాణ్ణి చూడకుండా మంచం వైపు తిప్పుతున్నాను.

కారు పందేల ఆట నయం, అందులో మాటలుండవు. కానీ మనుషులూ ఉండరు. అంత పెద్ద పెద్ద ఊళ్ళు కడతారు, మేడలూ వంతెనలూ, ఒక్క ముసలమ్మ రోడ్డు దాటదు, ఒక్క బట్ట తీగమీద ఆరదు. ఇది నాకు తోచిన సంగతి కాదు, తనే అంది మొదట. "ఈ ఊళ్ళో జనమంతా ఏమైపోయారు?" అని. తన చేతికిస్తే పందెంలో ఎర్రదీపం దగ్గర ఆగేది. వెనకనుంచి తక్కిన కార్లన్నీ గుద్దుకుంటూ పోతుంటే తను ఆకుపచ్చ కోసం ఎదురుచూసేది. ఆఖరున వచ్చినప్పుడు 'ఎనిమిదో స్థానం' అని పడితే, ఎనిమిదిమందిలో ఒక్క దెబ్బ తగలని కారు నాదే అని మురిసిపోయేది. నువ్వు లిఫ్టు మనిషివి, పైకీ కిందకీ తప్ప పక్కకి చూడవు అని నన్ను ఎగతాళి చేసేది. ఇటుకలు పడే ఆట మాత్రం నాది, అందులో నన్ను కొట్టేవాడు లేడు, అయినా దాంట్లో ఒక దరిద్రం ఉంది. నిలువు ఇటుక వస్తుంది, వస్తుంది అని ఒక సందు ఖాళీగా అట్టేపెడతాం, అది రాదు, చుట్టూ కట్టుకుంటూ పోతాం, ఇంకా రాదు, ఆ సందు అలాగే ఉండగా పైకప్పు తగులుతుంది. వచ్చిన ఇటుకతో సరిపెట్టుకుని ఉంటే బతికేవాళ్ళం. మూడో స్లాటు ఖాళీగా పెట్టిందీ అలాగే, ఆరో నెలలో, మూడోది మన పాపకి అని తనే అంది, సరే అన్నాను.

పిడిగుద్దుల ఆటలో నాకు పన్నెండేళ్ళ సాధన. ఏ బొత్తాం తర్వాత ఏది నొక్కితే మనిషి గాల్లో తిరిగి తంతాడో నిద్రలో కూడా చెప్పగలను. తను అన్ని బొత్తాలూ కలిపి అరచేత్తో బాదేది, గెలిచేది. ఒకరోజు వరసగా ఏడుసార్లు. తన మనిషి నా మనిషిని తన్నిన ప్రతిసారీ కడుపులో కూడా ఒక తన్ను పడిందట. నా చెయ్యి తీసి అక్కడ పెట్టుకుంది. "చూడు, ఇది కూడా నొక్కుతోంది" అంది. నవ్వలేక నవ్వలేక కన్నీళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క సాయంత్రం నాకు మళ్ళీ ఇస్తే ఈ చేతులు తీసేసుకున్నా ఫరవాలేదు. పడుకో. నూట ఎనభై. నూట ఎనభై ఒకటి. నా కళ్ళు సరిగా కనపడటం లేదు, నుసి పడినట్టుంది.

దయ్యాల ఆటలు కట్టేవాళ్ళకి భయమంటే ఏమిటో తెలియదు. చీకటి, గాలి, తలుపు కిర్రుమనడం, చివర జుట్టు విరబోసుకుని ఒకటి మీదపడటం. ఆమాత్రానికి జడుసుకునేవాళ్ళూ ఉన్నారు. భయమంటే తెల్లటి గది. ట్యూబులైటు. డాక్టరమ్మ నా భార్య పొట్టమీద జెల్లు రాసి ఆ స్కానింగు పరికరం ఇటు జరిపింది, అటు జరిపింది, మళ్ళీ మొదటి చోటుకే తెచ్చింది. తర్వాత ఒక్క మాట లేకుండా తెరని మా వైపునుంచి మెల్లగా తనవైపు తిప్పుకుంది. చిన్నప్పటినుంచి ఎన్ని తెరలముందు కూర్చున్నానో, నా కళ్ళముందునుంచి తిప్పేసిన తెర అదొక్కటే. నా భార్య నా ముఖం చూసింది, నా ముఖంలో ఏం చదివిందో, "చెప్పొద్దు" అంది. నేను చెప్పలేదు. ఆరోజు చెప్పలేదు, ఆ తర్వాత కూడా చెప్పలేదు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్ళూ నోరు మూసుకు కూర్చున్నాను.

అప్పుడే యుద్ధం ఆట మొదలుపెట్టాను. దాని గురించి నా అభిప్రాయం అడిగితే చెబుతాను, అది పరమ చెత్త. ఒకే మూడు సందులు, ఒకే నాలుగు తుపాకులు, చెవుల్లో ఎవడెవడో అన్నా ఇటు రా, అన్నా కాల్చు అని కేకలు. కానీ అందులో చచ్చినవాడు అయిదు సెకన్లలో లేస్తాడు. ఎక్కడ పడ్డాడో అక్కడికి కొంచెం దూరంలో, ఒంటిమీద దుమ్ము కూడా లేకుండా. అందుకే ఆడాను. డ్యూటీనుంచి రావడం, చెవులకి ఆ హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకోవడం. తను వచ్చి పక్కన నిలబడేది, పెదాలు కదిలేవి, నేను ఒక డిప్ప పక్కకి తోసి ఏమిటి అనేవాణ్ణి, ఏం లేదు అనేది. ఒకసారి, "టమాటాలకి రోజూ నీళ్ళు పొయ్యాలా, రోజు విడిచి రోజు పోస్తే చాలా?" అంది. మనకి మొక్కలెక్కడివి అన్నాను. ఇంకోసారి ఫ్రిజ్ మీద ప్రూఫ్ కాగితం వెనక రాసి ఉంది, గుమ్మడి 4, చిక్కుడు 6 అని. బజారుకి చీటీ అనుకుని నాలుగు గుమ్మడికాయలు మోసుకొచ్చాను, బల్లమీద వరసగా పెట్టాను. తను వాటిని చూసి పడీపడీ నవ్వింది, చాలా నెలల తర్వాత, నవ్వుతూ నవ్వుతూ వంటింటి నేలమీద కూలబడి ఏడ్చింది. ఎక్కువ తెచ్చానా అని అడిగాను. అవి పాప వేసిన విత్తనాలని ఇవాళ తెలిసింది.

పడుకో. మూడువందల అరవై నాలుగు. అరవై అయిదు. కోడి కూయలేదు. తెరమీద ఒక కాగితం విప్పుకుంది, 'నీ మొదటి సంవత్సరం' అని పైన. ఇలాంటివి నేను చదవను, వేలు బొత్తాం మీదికి వెళ్ళిపోయింది కూడా. ఆపుకున్నాను. నాటిన మొక్కలు, సున్నా. నడిచిన అడుగులు, పదహారు. అంటే లేచి మంచం పక్కకి వేసినవేవో. విప్పిన ఉత్తరాలు, సున్నా. స్నేహితులు, సున్నా. పడుకున్న రోజులు, మూడువందల అరవై అయిదు. ఇది పెంచడం కాదు. దీన్నేనా తనకి చూపించబోతున్నాను, ఇదిగో నీ కూతురు, అంకె చూసుకో అని? అయినా వేలు ఆగలేదు, ఇంకేం చెయ్యాలో తెలియదు, ఆగితే ఈ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో వినిపిస్తోంది. నేనూ ఇన్నాళ్ళూ చేసింది ఇదే కదా. కోడి, మంచం, చాలా, పడుకుంటావా, అవును. తను ఒక్కతీ రోజుకొకసారి తలుపు తీసి బయటికి వెళ్ళి నీళ్ళు పోసింది, నేను పక్కగదిలో కూర్చుని లేచినవాణ్ణి లేచినట్టే కాల్చాను. నాకు ఏడుపొస్తోంది. గట్టిగానే ఏడ్చాను, ఇంట్లో ఎవరున్నారని.

నాలుగువందల ముప్ఫై ఏడు దగ్గర గంట మోగింది. తలుపు తీశాను. తను చేతిలో ఖాళీ గుడ్డసంచితో నిలబడి ఉంది, కొంచెం చిక్కింది, జుట్టు ముడిలో ఎప్పటిలాగే పెన్సిలు. నా ముఖం చూసింది, తర్వాత నా భుజం మీదుగా తెర చూసింది. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి దగ్గరగా నిలబడి చదివింది. పేరు, రోజు, కిటికీ, కిటికీలో గడ్డి. తను చదువుతున్నప్పుడు మాట్లాడకూడదని నాకు తెలుసు.

"చెరిపేశావా?"

"చెరిపేశాను. నీకు శుభ్రంగా ఇద్దామని. చదవకుండా నొక్కేశాను."

ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే తిడుతుందని. సంచిని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత, "ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా బయటికి తీసుకెళ్ళలేదా దీన్ని?" అంది.

"లేదు. పడుకోబెడుతూ వచ్చాను."

ఆ మాట నా నోటినుంచి వచ్చాక గానీ నాకే వినపడలేదు. తను కళ్ళు మూసుకుంది. గోడవైపు తిరిగి ఊపిరి పీల్చుకుని, చెప్పులు విప్పి, సోఫాలో ఎడమవైపు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. సంచి మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు.

"అయిదింటికి నా బస్సు" అంది. "తలుపు తియ్యి."

నేను పక్కన కూర్చున్నాను. పాపని మంచం దగ్గరనుంచి తిప్పాను, నాలుగు అడుగులు, గడప. వెలుతురు తెరంతా నిండింది. గడ్డి పాప నెత్తిదాకా ఉంది. చేపల తాత కదిలాడు, టోపీ తీశాడు, కింద మాటల డబ్బా తెరుచుకుంది. నా బొటనవేలు అలవాటుగా లేచింది.

"ఆగు. చదవనీ."

చదివింది. తాత గొంతు పెట్టాలని చూసింది, మొదటి రెండు మాటలకే అది విరిగి తన గొంతే మిగిలింది. "'వచ్చావా తల్లీ. ఎప్పుడు బయటికొస్తావా అని ఇక్కడే నిలబడ్డాను. పద, ఊళ్ళో అందరికీ చూపిస్తాను. ఇదిగో వినండర్రా, మన ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు...'"

అక్కడ ఆగిపోయింది. కామా కూడా వదలని మనిషి, తర్వాత ఉన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. కింద బొత్తాం గుర్తు వెలిగి ఆరుతోంది, నొక్కమని. నేను నొక్కలేదు. తెర చూశాను, తనని చూశాను, చదివాను. పైకి, గట్టిగా, జీవితంలో మొదటిసారి. రెండక్షరాల పేరు.

గదిలో ఆ పేరు వినిపించింది. తను సంచిలో ముఖం దాచుకుంది. చాలాసేపటికి సంచిలోంచే అంది.

"పేరు రెండుసార్లు చదవాలి."